వెండిరంగు వేసిన గొట్టం

2008 ఏప్రిల్ ఆరు, ఆదివారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. కకెగావా పట్టణంలో ఉష్ణోగ్రత తొమ్మిది డిగ్రీలు. ఆకాశం నిర్మలంగా ఉంది. తేయాకు తోటల్లో మంచు పట్టకుండా నిలబెట్టిన పంకాల రెక్కలను కూడా కదిలించలేనంత పలచగా పడమటి గాలి వీస్తోంది. ఈ వివరాలన్నిటినీ ఇనగాకి ఫుమియే వంటింటి క్యాలెండరు మీద పెన్సిలుతో రాసుకుంది. ముప్పై ఆరేళ్ళు బాలికల పాఠశాలలో లెక్కలు చెప్పిన మనిషి. ప్రయోగానికి ముందు పరిస్థితులను నమోదు చేయడం ఆమెకు పళ్ళు తోముకోవడం లాంటిది.

ఆనాటి ప్రయోగం చిన్నదే. ఆమె భర్త తెత్సువో పదకొండేళ్ళుగా పెరటి షెడ్డులో విప్పి, తోమి, మళ్ళీ బిగించిన 1969 నాటి రెండు సీట్ల తెల్ల స్పోర్ట్స్ కారులో ఆమె కూర్చోవాలి. ఒడిలో పళ్ళెం, పళ్ళెంలో కప్పు, కప్పులో మూడింట రెండు వంతుల టీ. పెద్ద రహదారి మీద గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంతో మూడు నిమిషాలు వెళ్ళాలి. చుక్క తొణకకూడదు.

దీనికి రాతపూర్వకమైన ఆధారం ఉంది. కారు ముక్కలుగా ఇంటికి వచ్చిన రోజున ఒక పాత క్యాలెండరు కాగితం వెనక ఇద్దరూ ఒప్పందం రాసుకున్నారు. తెత్సువోకు డెబ్బై ఏళ్ళు నిండేలోగా ఫుమియే ఈ కారులో టీ తొణక్కుండా ప్రయాణించగలిగితే కారు ఇంట్లో ఉంటుంది, లేకపోతే దానిని కోరినవారికి ఇచ్చివేయాలి. నిజానికి టీ సంగతి ఆమె సరదాకు పెట్టింది. పెళ్ళైన కొత్తలో అద్దెకు తెచ్చుకున్న ఇలాంటి కారులోనే ఒమయెజకి అంతరీపానికి వెళుతూ, ఒక మలుపు దగ్గర ఆమె టీ అంతా ఒలకబోసుకుని పడీపడీ నవ్వింది. ఆ జ్ఞాపకంతో రాసిన షరతు అది. తెత్సువో మాత్రం లోపలికి వెళ్ళి, సంతకానికి బదులు వాడే సీలు తెచ్చి గుద్దాడు. సీలు పడ్డాక సరదా సరదాగా మిగలదు.

ఆయనకు డెబ్బై నిండేది ఏప్రిల్ ఇరవై తొమ్మిదిన. ఆ ఉదయం పది గంటలకు నగోయా నుంచి షిరాకి అనే పాత కార్ల సేకర్త వస్తానని ఉత్తరం రాశాడు.

"డెబ్బై," అన్నాడు తెత్సువో, రహదారి ఎక్కాక.

"నాకు చెప్పకండి. నేను కప్పును చూస్తున్నాను."

"డెబ్బై ఐదు."

అప్పుడు వణుకు మొదలైంది. మొదట సీటు కింద ఎవరో గొంతు సవరించుకున్నట్టుగా, తరువాత నడుములో, ఆ తరువాత పళ్ళలో. టీ మీద గుండ్రటి అలలు లేచాయి. ఎనభై దగ్గర టీ కప్పు అంచు దాటి, పళ్ళెం దాటి, ఫుమియే బూడిదరంగు స్కర్టు మీద బివా సరస్సు ఆకారంలో స్థిరపడింది.

"ఎంత పోయింది?"

"సగం. మిగతా సగం ఆలోచించుకుంటోంది."

తెత్సువో వేగం తగ్గించి, తల ఒక పక్కకు వాల్చి విన్నాడు. హమమత్సు పియానో కర్మాగారంలో నలభై ఏళ్ళు తీగలు సవరించిన చెవులవి. "పియానోలో ఎడమ నుంచి పదకొండో మీట," అన్నాడు దిగులుగా. "స్వరం తెలిసింది. పాడేదెవరో తెలియడం లేదు."

ఇక్కడ, కార్యకారణ క్రమం చెడకుండా ఉండటానికి, మూడు నెలలు వెనక్కి వెళ్ళాలి. డిసెంబరు ఇరవై తొమ్మిదిన ఏడాది చివరి పెద్ద శుభ్రత జరిగింది. ఇంటి కిటికీ అద్దాలు తెత్సువో వంతుకు వచ్చాయి. ఆయన వాటిని తుడుస్తూ ఉండగా, ఆయనకు చెప్పకుండా ఫుమియే షెడ్డును శుభ్రం చేసింది. అరలు కడిగింది, మేకులను పొడవు ప్రకారం సర్దింది. గోడకు ఆనించి, వార్తాపత్రికలో చుట్టిన మీటరు పొడవు తుప్పు గొట్టం ఒకటి కనిపించింది. దాన్ని గరుకు కాగితంతో తోమింది. దానికి రెండు చోట్ల బొత్తాలంత ఇనుప రేకులు వంకరగా అతుక్కుని ఉన్నాయి. ఎవరో పనివాడి నిర్లక్ష్యం అనుకుని ఉలితో లేపి, ఆకురాయితో గంటన్నర సేపు నున్నగా అరగదీసి, రెండు పూతలు వెండిరంగు వేసి, కొత్త పత్రికలో చుట్టి మళ్ళీ అక్కడే పెట్టింది. భర్త చూసి ఒక మాట అంటాడని ఎదురుచూసింది. జనవరి వెళ్ళింది, ఫిబ్రవరి వెళ్ళింది, ఆయన ఏమీ అనలేదు. ఆమె అడగలేదు. అడిగి తెచ్చుకున్న కృతజ్ఞత లెక్కలోకి రాదని ఆమె అభిప్రాయం.

కృతజ్ఞతలు మాత్రం మరో దిశలో పుష్కలంగా ప్రవహిస్తున్నాయని ఆమె గమనించింది. రెండు వీధుల అవతల గ్యారేజీ నడిపే నెమొతో, అప్పుడప్పుడు వచ్చి తెత్సువోకు సాయం చేసే మితభాషి. జనవరిలో తెత్సువో అతనికి చిక్కుడు గింజల ముద్దతో చేసిన మిఠాయిల పెట్టె ఒకటి పట్టుకెళ్ళాడు.

"ఎందుకండీ?" అని అడిగింది ఫుమియే.

"మొన్న చాలా శ్రమ పడ్డాడులే."

మూడు రోజులకు నెమొతో భార్య స్ట్రాబెర్రీలు తెచ్చింది. స్ట్రాబెర్రీలకు తెత్సువో పెద్ద పెట్టె పంపాడు. దానికి ఎండు చేపలు వచ్చాయి. మార్చి నెలాఖరుకు, పట్టుగుడ్డ పరిచిన చెక్కపెట్టెలో, కాడతో సహా, రాచపుట్టుక పుట్టిన ఖర్బూజా ఒకటి గుమ్మంలోకి వచ్చింది.

"ఖర్బూజా దాకా వచ్చాడంటే మనం పంపినవి చాలలేదన్నమాట," అని తెత్సువో ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు.

ఇక వణుకు వేట మొదలైంది. చక్రాల సమతూకం చూపించారు. పదకొండో మీట అలాగే మోగింది. టైర్లు మార్చారు. ఇంజను కింది రబ్బరు దిమ్మలు మార్చారు. వెనక స్ప్రింగులు విప్పి బిగించారు. మీట మోగుతూనే ఉంది. పెరట్లో గుడ్డలు ఆరేస్తున్న ఫుమియేకు ఒకరోజు షెడ్డులోంచి సంభాషణ వినిపించింది.

"గేర్ బాక్సు నుంచి వెనక ఇరుసు దాకా పోయే షాఫ్టు సంగతేమిటంటారు?" అని అడిగాడు తెత్సువో.

నెమొతో రెంచి కింద పెట్టిన చప్పుడైంది. "అది... చాలా అందంగా ఉందండి, గురువుగారూ."

"అంతా మీ చలవే," అన్నాడు తెత్సువో వంగి.

"అయ్యో, నేనేం చేశాను," అన్నాడు నెమొతో ఇంకా కిందికి వంగి.

ఆ సంగతి అక్కడితో ఆగిపోయింది.

రోజూ ఉదయం కారు బయటికి తీసినప్పుడల్లా ఎదురింటి హమగుచి గారి అల్మరాలో పింగాణీ బొమ్మలు గలగలమనేవి. ఆవిడ వితంతువు, ఆ ఏడాది వీధి సంఘానికి పెద్ద. తెత్సువోకు సిగ్గేసి, ఆరు ఇళ్ళకూ తలా ఒక తువ్వాలు పట్టుకుని క్షమాపణ చెప్పడానికి బయలుదేరాడు. ప్రతి గుమ్మంలోనూ ఒకే మాట చెప్పాడు.

"ఇన్నాళ్ళూ మిమ్మల్ని చాలా ఇబ్బంది పెట్టాం. ఇంక మూడు వారాలే. ఇరవై తొమ్మిదితో అన్నీ ముగిసిపోతాయి."

ఆ వీధిలో తువ్వాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగేది కొత్తగా వచ్చినవాళ్ళు, లేదా ఖాళీ చేసి వెళ్ళేవాళ్ళు. ఇనగాకి దంపతులు కొత్తగా రాలేదు. ఎక్కడికి వెళుతున్నారని ముఖం మీద అడగడం మర్యాద కాదు కనుక, హమగుచి గారు మరునాడు ఉన్ని మేజోళ్ళు పట్టుకుని వచ్చి చుట్టుతిరుగుడుగా అడిగారు.

"అక్కడ చలిగా ఉంటుందేమో, వదినగారూ."

ఫుమియేకు ఆ క్షణంలో కారు తప్ప మరో ప్రపంచం లేదు. "ఉంటుందండి. హీటరు లేదు. అలవాటైపోతుంది."

"ఇరుకు కాదూ?"

"మా ఇద్దరికీ సరిపోతుంది. సామానుకే చోటుండదు. ఒక్క చిన్న పెట్టె చాలంటున్నారాయన."

"ఈ వయసులో ఒక్క పెట్టెతోనా?" అన్నారు హమగుచి గారు.

"వయసు సంగతి ఆయన వినిపించుకోరు. నాకు మాత్రం నడుము భయంగానే ఉంది."

హమగుచి గారు కళ్ళొత్తుకుని వెళ్ళిపోయారు. బొమ్మల వణుకు అంత బాధ పెట్టిందా అని ఫుమియే నొచ్చుకుంది. ఆ వారంలో ఒక ఇంటి నుంచి చెక్కచెంచాల జత, ఒక ఇంటి నుంచి పెద్ద అక్షరాల క్యాలెండరు, మరో ఇంటి నుంచి చేతికర్ర వచ్చాయి. తువ్వాళ్ళకు బదులు మరీ ఎక్కువ ఇస్తున్నారని తెత్సువో రెండో విడత తువ్వాళ్ళు పంచాడు. దాంతో వీధికి మిగిలిన కాస్త అనుమానం కూడా తీరిపోయింది.

ఏప్రిల్ ఇరవై ఆరు, శనివారం. అల్పాహారం దగ్గర తెత్సువో అన్నం గిన్నె కింద పెట్టి, "షిరాకి గారికి కారు మరకలు లేకుండా ఇవ్వాలి. ఇవాళ కడుగుతాను," అన్నాడు. ఓడిపోయిన మనిషి గొంతు కాదది. ఓటమిని తుడిచి, మడతపెట్టి, అరలో సర్దుకున్న మనిషి గొంతు.

ఫుమియే ఆయన్ని కాసేపు చూసింది. తరువాత సొరుగులోంచి కుట్టుపని టేపు తీసుకుని షెడ్డులోకి నడిచింది. తెత్సువో వెనకే వెళ్ళాడు. ఈ మూడు వారాలూ ఆమె కప్పు పట్టుకున్న ప్రయాణికురాలు మాత్రమే. భాగాలు మార్చడం మగవాళ్ళు చూసుకున్నారు. కాని మార్చడమంటే వెతకడం కాదు కదా.

"ఆ పదకొండో మీట సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుంది?"

"నలభై తొమ్మిది," అన్నాడు తెత్సువో తడుముకోకుండా.

ఆమె టైరు చుట్టూ టేపు చుట్టింది. మీటరు డెబ్బై ఏడు సెంటీమీటర్లు. క్యాలెండరు వెనక లెక్క వేసింది. ఎనభై వేగంలో చక్రం సెకనుకు పన్నెండున్నర చుట్లు తిరుగుతుంది. "కాబట్టి పాడేది చక్రం కాదు. ఎనభై దగ్గర గేరు తీసేసి, కారును దాని మానాన పోనిస్తే?"

"ఇంజను నెమ్మదిస్తుంది. మీట మాత్రం మోగుతుంది. నిన్న చూశాను."

"కాబట్టి ఇంజనూ కాదు." ఆమె గ్యారేజీకి ఫోను చేసింది. "నెమొతో గారూ, ఈ కారులో చక్రం ఒక చుట్టు తిరిగేలోపు దాదాపు 3.9 చుట్లు తిరిగే వస్తువేమిటి?"

ఫోనులో కూడా నెమొతో వంగుతున్నట్టు తెలుస్తోంది. "అది షాఫ్టు అయి ఉండవచ్చండి, టీచరుగారూ," అన్నాడు చివరికి.

అరగంటలో కారు గ్యారేజీలో పైకి లేచింది. ఫుమియే దాని కింద నిలబడి కళ్ళద్దాలు సవరించుకుని తల ఎత్తింది. మధ్యలో, ముందు నుంచి వెనక దాకా, ఒక గొట్టం. వెండిరంగు. రంగులో ఒక బ్రష్షు వెంట్రుక అతుక్కుపోయి ఉంది. దానిని ఆమె ఎరుగును. డిసెంబరు ఇరవై తొమ్మిదిన గోటితో తీయబోయి, పూత చెడుతుందని వదిలేసిన వెంట్రుక.

"ఇక్కడ రెండు రేకులు ఉండేవి," అంది నెమ్మదిగా.

"ఉండేవండి," అన్నాడు నెమొతో నేల చూస్తూ. "తిరిగేటప్పుడు తూకం కోసం తయారీలోనే అతికిస్తారు."

"అవి లేవని మీకెప్పుడు తెలిసింది?"

"జనవరి పదమూడున బిగించినప్పుడు."

"ఇవాళ ఏప్రిల్ ఇరవై ఆరు."

"అవునండి."

"మరి చెప్పలేదేం?"

"గురువుగారే కావాలని తీయించారేమో అనుకున్నాను. నలభై ఏళ్ళు పియానోలు సవరించిన మనిషికి తూకం గురించి నేను చెప్పడమేమిటండీ? పైగా ముచ్చటపడి రంగు కూడా వేసుకున్నారు."

తెత్సువో ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "రంగు మీరు కదా వేసింది? డిసెంబరులో జాయింట్లకు గ్రీజు పెట్టడానికి వచ్చినప్పుడు?"

"నేనా?"

"నేను ధన్యవాదాలు చెప్పానుగా. మిఠాయిలు కూడా ఇచ్చాను."

"నేనేం చేశానండీ అన్నానుగా."

"మర్యాదకి అన్నారనుకున్నాను."

"లేదండి. నిజంగానే ఏమీ చేయలేదు."

"మరి ఖర్బూజా ఎందుకు పంపారు?"

"మీరు నాలుగోసారి మిఠాయిలు పంపేసరికి మా ఆవిడ భయపడిందండి."

ఫుమియే టేపును చుట్టి జేబులో పెట్టుకుంది. "రంగు నేను వేశాను. రేకులు తీసిందీ నేనే. ఉలి, ఆకురాయి, గంటన్నర."

"కాదులెండి, టీచరుగారూ," అన్నాడు నెమొతో కంగారుగా. "పాతవి కదా, వాటంతటవే ఊడిపోయి ఉంటాయి."

"రెండూ ఒకే రోజున, నా ఆకురాయి కిందనా?"

"తుప్పు ఎక్కువైతే ఒక్కోసారి..."

"నెమొతో గారూ, నేను లెక్కల టీచర్ని. నాకు మార్కులు కలపకండి."

అప్పుడు తెత్సువో, కారు కింద వంగి ఉన్నవాడు నిటారుగా నిలబడబోయి, నెత్తికి పొగగొట్టం తగిలించుకుని, బయటికి వచ్చి, భార్య ఎదుట రెండు చేతులూ తొడలకు ఆనించి వంగాడు. "నాలుగు నెలలు ఆలస్యమైంది. ఆ గొట్టం చాలా బాగా కుదిరింది, ఫుమియే. ఇంత బాగా ఎవరు చేశారా అని నెలల తరబడి అనుకుంటూనే ఉన్నాను. నువ్వని తట్టలేదు."

"ఇప్పుడా చెప్పడం," అంది ఆమె. కళ్ళద్దాలు తీసి, మురికి లేకపోయినా తుడుచుకుంది.

షాఫ్టుకు కొత్తగా తూకం వేసే కార్ఖానా వరుస సెలవుల కారణంగా మే ఏడు దాకా తెరవదు. నెమొతో తల గోక్కుని, రబ్బరు గొట్టాలకు బిగించే ఇనుప క్లిప్పులు రెండు తెచ్చాడు. క్లిప్పు చుట్టూతా పలచన, మర ఉన్న చోట బరువు. దాన్ని షాఫ్టుకు బిగించి, మరను అటూ ఇటూ జరిపి, ఎక్కడ వణుకు తగ్గుతుందో చూడడం పాత మెకానిక్కుల పద్ధతి.

ఆదివారమంతా ముగ్గురూ ఆ పని మీదే ఉన్నారు. ఫుమియే గొట్టం చుట్టూ పెన్సిలుతో గడియారంలా పన్నెండు గీతలు గీసి, ప్రతి ప్రయత్నాన్నీ రాసుకుంది. నెమొతో మర జరిపి, చక్రాలు గాలిలో తిరుగుతుండగా కారును ఎనభైకి తెచ్చేవాడు. తెత్సువో దూరంగా కళ్ళు మూసుకుని నిలబడి వినేవాడు.

"నాలుగు గంటల దగ్గర?"

"తగ్గింది."

"ఐదు?"

"మళ్ళీ పెరిగింది. వెనక్కి. ఇంకొంచెం. రెండో క్లిప్పును ఒక వెంట్రుకవాసి పైకి."

మధ్యాహ్నం మూడు గంటల ఇరవై ఐదు నిమిషాలకు తెత్సువో కళ్ళు తెరిచాడు. "ఇప్పుడు పదకొండో మీట మీద ఎవరి వేలూ లేదు," అన్నాడు.

రోడ్డు మీది పరీక్షను ఇరవై తొమ్మిది ఉదయం తొమ్మిదిన్నరకు నిశ్చయించారు. ఉష్ణోగ్రత పదహారు, గాలి లేదు. తొమ్మిది ఇరవైకి ఫుమియే టీ పోసుకుని గుమ్మం తెరిచేసరికి వీధి వీధంతా అక్కడే ఉంది. ఆరు కుటుంబాలు, మంచి బట్టలు, ఒక పూలగుత్తి, రెండు కర్రల మధ్య కట్టిన గుడ్డ మీద 'ముప్పై ఏళ్ళ పొరుగుకు ధన్యవాదాలు' అన్న అక్షరాలు. హమగుచి గారు కాగితం విప్పి, మడిచి, మళ్ళీ విప్పారు.

"మీరు లేని ఈ వీధి..." అని మొదలుపెట్టి ఏడ్చేశారు. ఏడుపు వరుసలో చివరిదాకా పాకింది. నెమొతో భార్య కూడా, సంగతి తెలియకపోయినా, బయట ఉండిపోవడం బాగుండదని ఏడ్చింది.

సరిగ్గా ఆ సమయంలో షిరాకి, చెప్పిన వేళకు అరగంట ముందుగానే, మలుపు తిరిగి వచ్చాడు. సౌమ్యుడు, చేతిలో మిఠాయి పెట్టె. ఎదురుగా తెల్ల కారు, దాని చుట్టూ వీధి నిండా ఏడుస్తున్న జనం. అతను టోపీ తీశాడు.

"ఇనగాకి గారూ, నన్ను మన్నించండి," అన్నాడు. "ఒక కారు వెళ్ళిపోతోందని ఊరంతా ఏడవడం నేనెక్కడా చూడలేదు. దీన్ని ఇక్కడి నుంచి తీసుకుపోతే నాకు పాపం చుట్టుకుంటుంది." తెత్సువో నోరు తెరిచేలోపు మిఠాయి పెట్టె ఆయన చేతిలో పెట్టి, వెనక్కి వెనక్కి వంగుతూ వెళ్ళిపోయాడు.

"కారు కోసమా ఏడ్చింది?" అన్నారు హమగుచి గారు ముక్కు తుడుచుకుంటూ. "మీరు వృద్ధాశ్రమానికి పోవడం లేదూ?"

"ఒమయెజకి దాకా పోతున్నామండి," అంది ఫుమియే. "సాయంత్రానికి వచ్చేస్తాం."

వీధి ఒక క్షణం ఆలోచించింది. తరువాత ఎవరో గుడ్డ మడతపెట్టారు. పూలగుత్తి వెనక్కి తీసుకోవడం బాగుండదని కారులో పెట్టారు.

రహదారి మీద డెబ్బై ఐదు వచ్చింది, ఎనభై వచ్చింది, మూడు నిమిషాలు గడిచాయి. టీ అద్దంలా నిలిచింది, అందులో ఒక మేఘం కూడా కనిపించింది. ఒక్క చుక్క తొణకలేదు. ఆ తరువాత, అంతరీపానికి దిగే పాత మలుపు దగ్గర, తెత్సువో ఉన్నట్టుండి, "అయితే ఆ చేతికర్ర తిరిగి ఇచ్చేయాలంటావా?" అని అడిగాడు. ఫుమియే నవ్వింది. నవ్వు ఆగలేదు. టీ మొత్తం ఒలికిపోయింది.

ఆ సాయంత్రం ఆమె క్యాలెండరు మీద ఉన్నది ఉన్నట్టు రాసింది: 'టీ తొణికింది. కారణం ప్రయాణికురాలు.' ఒప్పందాన్ని అక్షరాలా చదివితే కారును కోరినవారికి ఇచ్చివేయాలి. కోరినవారు అప్పటికి నగోయాలో భోంచేస్తున్నారు. వీధి ఇచ్చిన వీడ్కోలు కానుకలకు బదులు కానుకలు పంపడం అక్టోబరు దాకా సాగింది.

2019 మేలో కారు తనిఖీకి వెళ్ళినప్పుడు ఆ రెండు క్లిప్పులు పెన్సిలు గీతల దగ్గరే ఉన్నట్టు, వాటికి రెండు పూతలు వెండిరంగు వేసి ఉన్నట్టు నమోదైంది.